అభిమానులు తిరిగి తయారుచేసిన పాత కంప్యూటరు ఆటలు

మే నెలలో సెలవు పెట్టి పుణె నుంచి షోలాపూర్‌లోని మా ఇంటికి వెళ్లాను. చెప్పులు విడవకముందే మా అక్క అడ్డుకుంది. "నువ్వన్న అడుగురా తమ్మీ వీణ్ణి. రాత్రి రెండు గంటలదాన్క ఆ కంప్యూటర్ల ఏమో ఆట. అకరావీల గణితం ఎట్లనో గట్టెక్కిండు. వచ్చేది బారావీ. ఇట్లయితే ఎట్ల?" అంది. (మా వైపు పదకొండో తరగతిని అకరావీ అని, పన్నెండును బారావీ అని మరాఠీ మాటల్లోనే అంటాం.)

లోపలికి వెళ్లి చూస్తే మేనల్లుడు ఆట ఆడటం లేదు, ఆట తయారు చేస్తున్నాడు. తెర మీద అడవి, ఒక వైద్యురాలి గుడిసె, పక్కన చెట్టు, చెట్టు మీద పక్షిగూడు. ఆ చెట్టును నేను వెంటనే గుర్తుపట్టాను. కాలేజీ రోజుల్లో ల్యాబులో, సార్లు లేని సమయం చూసి, ఫ్లాపీలు మార్చుకుంటూ ఆడిన ఆటలోని చెట్టు అది.

"ఇది నువ్వు గీసిందేనా?" అని అడిగాను.

"లేదు మామా. బొమ్మలు పాత ఆటలకెల్లి తీసిన. కథ మాత్రం నాది. అయినంక ఇంటర్నెట్ల వంద రూపాయలకు అమ్ముత" అన్నాడు. అది ఇంకొకరి సొత్తు కదరా అంటే, "1989 నాటి ఆట మామా. ఆ కంపెనీయే మూతపడ్డది. ఇగ ఎవరడుగుతరు?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు వాడితో కూర్చుని చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఆసక్తి గల విద్యార్థులు మన కుటుంబాల్లో ఇంకా ఉంటారు. వాళ్లను చూసి కంగారుపడే తల్లిదండ్రులూ ఉంటారు.

ముందు ఆ ఆట సంగతి. కాలిఫోర్నియాలోని సియెర్రా ఆన్‌లైన్ అనే కంపెనీ 1989లో 'హీరోస్ క్వెస్ట్' పేరుతో దాన్ని విడుదల చేసింది. రూపకర్తలు లోరీ కోల్, కోరీ కోల్ దంపతులు. ఇంచుమించు అదే పేరుతో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ బల్ల మీద ఆడే ఆట ఒకటి ఉండటంతో ట్రేడ్‌మార్కు చిక్కు వచ్చి, పేరును 'క్వెస్ట్ ఫర్ గ్లోరీ' అని మార్చుకోవలసి వచ్చింది. సొంతంగా ఆట తయారు చేసినవారికే పేరు విషయంలో ఇంత ఇబ్బంది కలిగిందన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది. 1998 దాకా మొత్తం ఐదు భాగాలు వచ్చాయి.

అప్పట్లో కంప్యూటరు ఆటల్లో రెండు తెగలు వేరువేరుగా ఉండేవి. ఒకటి సాహస కథల ఆట. ఇందులో కథ ముందుకు సాగాలంటే చిక్కుముడులు విప్పాలి, తాళంచెవి ఎక్కడుందో వెతకాలి, ఎవరిని ఏమడగాలో తెలియాలి. రెండోది పాత్రధారణ ఆట. దీన్ని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఆర్‌పీజీ అంటారు. ఇందులో మన పాత్రకు బలం, తెలివి, చురుకుదనం వంటి గుణాలు అంకెల్లో ఉంటాయి. ఆడేకొద్దీ ఆ అంకెలు పెరుగుతాయి. కోల్ దంపతులు ఈ రెంటినీ ఒక్క ఆటలో కలిపారు. ఆడేవాడు మొదట్లోనే వీరుడా, మాంత్రికుడా, దొంగా అన్నది ఎంచుకోవాలి. ఆ ఎంపికను బట్టి ఒకే చిక్కుముడి వేరువేరు దారుల్లో విడిపోతుంది.

మా వాడి తెర మీద కనిపించిన పక్షిగూడే దీనికి మంచి ఉదాహరణ. వైద్యురాలి ఉంగరం పోయింది. అది ఆ గూట్లో ఉంది. మాంత్రికుడైతే మంత్రం వేసి గూటిని తన దగ్గరకు రప్పించుకోవచ్చు. చెట్టెక్కడం వచ్చినవాడు ఎక్కి తీసుకోవచ్చు. లేదంటే రాళ్లు విసిరి గూటిని పడగొట్టవచ్చు. మొదటిసారే చెట్టెక్కబోతే జారిపడతాం. పదిసార్లు ప్రయత్నిస్తే ఎక్కడంలో అంకె పెరిగి, పదకొండోసారి ఎక్కేస్తాం. ఏ పని చేస్తే ఆ పనిలోనే నేర్పు పెరుగుతుంది. ఇంకో విశేషం, మొదటి భాగం పూర్తయ్యాక మన వీరుణ్ణి ఆ అంకెలతో సహా ఫ్లాపీ మీద దాచుకుని రెండో భాగంలోకి తీసుకుపోవచ్చు.

ఆడేవాడికి ఇది సరదాయే. తయారు చేసేవాడికి మాత్రం ప్రతి చిక్కుముడినీ మూడుసార్లు తయారు చేసే పని. మూడు దారుల్లో ఏది ఎంచుకున్నా కథ ముందుకు సాగాలి, ఏ దారిలోనూ ఆడేవాడు ఇరుక్కుపోకూడదు.

రాయి విసిరే సంగతి మా వాడు తన ఆటలో ఎలా రాశాడో అడిగాను. వాడు పెట్టుకున్న నియమం ఇది. కంప్యూటరు 1 నుంచి 100 లోపు ఒక అంకె తీస్తుంది. అది విసిరే నేర్పు అంకె కంటే ఎక్కువైతే గురి తప్పినట్టు, లేకపోతే తగిలినట్టు. నేర్పు 40 ఉన్నవాడు మూడు రాళ్లు విసిరితే ఒక్కటైనా తగిలే అవకాశమెంత? వాడు "120" అన్నాడు. నూటికి నూట ఇరవై ఎలా అవుతుందిరా అంటే తల గోక్కున్నాడు. ఒక రాయి తప్పే అవకాశం 0.6. మూడూ తప్పే అవకాశం 0.6ను మూడుసార్లు గుణిస్తే 0.216. అంటే ఒక్కటైనా తగిలే అవకాశం 0.784, నూటికి 78 పైచిలుకు. అకరావీలో వాడు మార్కులు పోగొట్టుకున్నది సరిగ్గా ఈ సంభావ్యత పాఠంలోనే. ఆ సాయంత్రం వాడే పుస్తకం తీసి ఆ పాఠంలో లెక్కలు చేశాడు. ఆటలు చేసేవాళ్లందరికీ గణితం వచ్చేస్తుందని దీని అర్థం కాదు. ఆ ఒక్క పాఠం మాత్రం వచ్చింది.

ఇక బొమ్మల సంగతి. 1990లో వచ్చిన రెండో భాగంలో తెర అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. గుణిస్తే 64,000. ఒక్కో చుక్కకు వాడగల రంగులు 16 మాత్రమే. 16 రంగుల్లో ఏదో చెప్పడానికి 4 బిట్లు చాలు కాబట్టి ఒక తెర బొమ్మకు 32,000 బైట్లు సరిపోతాయి. ఇవాళ సెల్‌ఫోనుతో తీసే ఒక్క ఫోటో ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

నాకిది వింతగా అనిపించలేదు. మా నాన్న జకార్డు చద్దర్లకు డిజైన్లు వేసేవారు. గ్రాఫు కాగితం మీద ఒక్కో గడి నింపుకుంటూ నెమలిని, పువ్వును గీసేవారు. పడుగు ఎరుపు, పేక పసుపు వేస్తే దూరం నుంచి చూసేవాడికి నారింజ రంగు కనిపిస్తుంది. లేని రంగును ఉన్న రెండు రంగులతో భ్రమింపజేయడం నేతలో మామూలే. ఆ పాత ఆటల చిత్రకారులూ అదే చేశారు. ఒక చుక్క నీలం, పక్క చుక్క తెలుపు, ఇలా చదరంగపు గళ్లలా పేర్చి 16 రంగుల్లోనే సంధ్యాకాశం చూపించారు. మా వాడికి వాళ్ల తాత గ్రాఫు కాగితాల కట్ట అటక మీద నుంచి దించి చూపించాను. అంతవరకూ వాడు వాటిని తెరిచి కూడా చూడలేదు.

ఆ తర్వాత 256 రంగులు చూపే వీజీఏ కార్డుల వాడకం పెరిగింది. సియెర్రా వాళ్లు మొదటి భాగాన్ని 1992లో కొత్త రంగులతో, మౌసుతో ఆడేలా మళ్లీ తయారు చేశారు. మూడో భాగం నుంచి ఆటలు కొత్త పద్ధతిలోనే వచ్చాయి. రెండో భాగం ఒక్కటే మధ్యలో 16 రంగులతో, ప్రతి పనికీ ఇంగ్లీషులో ఆజ్ఞ టైపు చేయాల్సిన పాత పద్ధతిలో మిగిలిపోయింది. అరేబియా కథల్లాంటి ఎడారి నగరంలో నడిచే ఆ కథంటే అభిమానులకు చాలా ఇష్టం. కంపెనీ చేయకపోతే మనమే చేద్దాం అనుకున్నారు కొందరు.

వాళ్లు మొదట టియెర్రా అని పేరు పెట్టుకున్నారు. స్పానిష్‌లో సియెర్రా అంటే పర్వతశ్రేణి, టియెర్రా అంటే నేల. 2003లో ఏజీడీ ఇంటరాక్టివ్ అని మార్చుకున్నారు. ముందు చేయి తిరగడానికి అదే కంపెనీ వారి 'కింగ్స్ క్వెస్ట్' మొదటి భాగాన్ని 2001లో, రెండో భాగాన్ని 2002లో కొత్తగా చేసి ఉచితంగా ఇచ్చారు. ఏళ్ల తరబడి పనిచేసి 2008 ఆగస్టులో 'క్వెస్ట్ ఫర్ గ్లోరీ' రెండో భాగాన్ని 256 రంగుల్లో, మౌసుతో ఆడేలా విడుదల చేశారు. ఎవరికీ జీతం లేదు. ఆడేవాడి దగ్గర పైసా తీసుకోలేదు.

ఇందులో నాకు నచ్చిన పని ఒకటుంది. పాత ఆటలో ఊరి సందులు పద్మవ్యూహంలా ఉండేవి. ఆట పెట్టెలో వచ్చే కాగితపు పటం చూసుకుంటేనే దారి దొరికేది. దొంగచాటుగా ఫ్లాపీ నకలు తీసుకున్నవాడు పటం లేక ఆ సందుల్లోనే తిరుగుతూ ఉండిపోయేవాడు. (ల్యాబులో మేమూ అలాగే తిరిగాం, ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.) కొత్తగా చేసినవాళ్లు ఆ సందులను అలాగే ఉంచుతూ, సులువైన సందులు కావాలంటే ఎంచుకునే వీలు కూడా కల్పించారు. పాతదాన్ని గౌరవిస్తూనే ఇవాళ ఆడేవాడి ఓపికనూ లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

వాళ్లు వాడిన సాధనం అడ్వెంచర్ గేమ్ స్టూడియో. క్లుప్తంగా ఏజీఎస్ అంటారు. క్రిస్ జోన్స్ అనే బ్రిటిష్ ప్రోగ్రామరు సియెర్రా ఆటల పద్ధతి చూసి 1997లో దీని మొదటి రూపం తయారు చేశాడు. ఇది ఉచితం. తర్వాత దాని సోర్సుకోడు కూడా అందరికీ ఇచ్చేశారు. మా వాడు వాడుతున్నదీ ఇదే.

ఇది పనిచేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. ఆటలోని ఒక్కో దృశ్యాన్ని 'గది' అంటారు, అది అడవి అయినా సరే. గదికి వెనుక ఒక బొమ్మ. దాని మీద పాత్ర ఎక్కడ నడవగలదో ఒక రంగు పూసి చెప్పాలి. పూయని చోట నడవలేదు. చెట్టు వెనక్కి వెళితే పాత్ర కనపడకూడదు కాబట్టి ఆ చెట్టును మరో రంగుతో గుర్తించాలి. తలుపు, గూడు, బావి లాంటి ముట్టుకోగల వస్తువులను ఇంకో రంగుతో గుర్తించాలి. దేనిని నొక్కితే ఏం జరగాలన్నది సీ భాషను పోలిన భాషలో రాయాలి. పాత్ర నడకకు ఒక్కో దిక్కుకు 8 బొమ్మలు అనుకుంటే నాలుగు దిక్కులకు 32. కత్తి పట్టుకున్న నడక వేరే, జారిపడటం వేరే. మా వాడు నాలుగు నెలల్లో పూర్తి చేసినవి రెండు గదులు. వాటికీ బొమ్మలు పాత ఆటవే.

ఇక వాడి ప్రశ్నకు వస్తాను, కంపెనీ మూతపడ్డాక ఎవరడుగుతారని.

సియెర్రాను 1996లో సీయూసీ ఇంటర్నేషనల్ అనే సంస్థ కొన్నది. కాలిఫోర్నియాలో ఆ ఆటలు పుట్టిన ఓక్‌హర్స్ట్ స్టూడియోను 1999 ఫిబ్రవరిలో మూసేశారు. అక్కడ పనిచేసినవాళ్లు చెల్లాచెదురయ్యారు. హక్కులు మాత్రం చేతులు మారుతూ వచ్చాయి. ఫ్రాన్సుకు చెందిన వివెండికి, 2008లో యాక్టివిజన్‌కు, 2023 అక్టోబరులో యాక్టివిజన్‌ను కొన్న మైక్రోసాఫ్ట్‌కు చేరాయి. పొలం బీడు పడ్డంత మాత్రాన పట్టా పోదు కదా. మన దేశంలో కూడా 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలోనే చేర్చింది. రచయిత పోయాక 60 ఏళ్ల వరకూ రక్షణ ఉంటుంది. 1989 అన్నది మా వాడికి పురాణకాలంలా అనిపించినా, చట్టం లెక్కలో నిన్న మొన్నటిదే.

ఏజీడీ వాళ్లు ఈ సంగతి తెలిసే వివెండి దగ్గర అభిమానులకిచ్చే అనుమతి తీసుకున్నారు. ఆటను ఉచితంగానే పంచారు.

'కింగ్స్ క్వెస్ట్'కు తొమ్మిదో భాగంలా మరో అభిమాన బృందం మొదలుపెట్టిన ఆట కథ ఇంత సాఫీగా సాగలేదు. 2005లో వివెండి ఆపమని నోటీసు ఇచ్చింది. అభిమానులు ఉత్తరాలు రాసి అడిగితే, పేరులో 'కింగ్స్ క్వెస్ట్' అన్న మాట తీసేస్తే సరేనంది. ఆట పేరు 'ద సిల్వర్ లైనింగ్' అయింది. హక్కులు యాక్టివిజన్‌కు వెళ్లాక 2010 ఫిబ్రవరిలో మళ్లీ ఆపమన్నారు. కొన్ని నెలలకు వాళ్లే మెత్తబడి ఒప్పుకున్నారు. ఆ జూలైలో మొదటి భాగం వచ్చింది. ఏళ్ల కష్టం రెండుసార్లు ఒక ఉత్తరం ముక్కతో ఆగింది. లాభం కోసం కాకుండా ఉచితంగా ఇస్తున్నవాళ్ల పరిస్థితే ఇది. అమ్మేవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

ఇది విని మా వాడి ముఖం మాడిపోయింది. ఆ పూట అన్నం దగ్గరకు రాలేదు. అక్క నావైపు కోపంగా చూసింది. ఆట మానిపించమందే కానీ పిల్లాడి అన్నం మానిపించమనలేదుగా.

మర్నాడు పొద్దున మిగతా సగం చెప్పాను. బొమ్మలు, పాత్రలు, పేర్లు, సంగీతం, కోడు ఒకరి సొత్తు. కానీ మూడు దారుల్లో విడిపోయే చిక్కుముడి, చేసేకొద్దీ పెరిగే నేర్పు, గదుల పద్ధతి, ఇవి ఆలోచనలు. ఆలోచన మీద కాపీరైట్ ఉండదు. ఈ తేడా తెలిసినవాళ్లు ఆ పాత ఆట మీది ఇష్టంతోనే సొంత ఆటలు చేసుకున్నారు. 2013లో 'హీరోయిన్స్ క్వెస్ట్' వచ్చింది. అదీ ఏజీఎస్‌లో చేసిందే. కథ ఉత్తర ఐరోపా పురాణాలది, నాయకి స్త్రీ. వీరనారిగానో, మాంత్రికురాలిగానో, దొంగగానో ఆడవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేకపోయినా దాన్ని ఉచితంగానే ఇచ్చారు. 'కింగ్స్ క్వెస్ట్' మూడో భాగాన్ని 2006లో ఉచితంగా చేసి ఇచ్చిన ఇంకో బృందం, 2012లో జనం దగ్గర చందాలు పోగుచేసి, 2014లో 'క్వెస్ట్ ఫర్ ఇన్‌ఫమీ' అనే సొంత ఆటను అమ్మింది. ఏజీడీ వెనకున్నవాళ్లే హిమాలయ స్టూడియోస్ పేరుతో 2019లో 'మేజెస్ ఇనీషియేషన్' అమ్మారు. ఇంకా చెప్పాలంటే, అసలు ఆట సృష్టించిన కోల్ దంపతులు కూడా 'క్వెస్ట్ ఫర్ గ్లోరీ' పేరు వాడలేదు. 2012లో చందాల ద్వారా 4 లక్షల డాలర్లకు పైగా పోగుచేసి, 'హీరో యూ' అనే కొత్త పేరుతో, కొత్త కథతో 2018లో ఆట విడుదల చేశారు.

మా వాడు అన్నీ విని, "అంటే బొమ్మలన్నీ తీసెయ్యాలె, గంతే గద?" అన్నాడు. గంతే. కానీ రెండు గదులు పోతే మిగిలేది సున్నా గదులు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. పిల్లవాడు ఇలాంటి పనిలో ఉంటే, తయారు చేసినంతవరకూ చూపించమని అడగండి. ఆడేవాడికీ చేసేవాడికీ తేడా అక్కడే తెలుస్తుంది. పాత ఆటలని చెప్పి ఎక్కడెక్కడివో ఫైళ్లు దించుకుంటే వాటితో వైరస్‌లు కూడా వస్తాయి, అది చూసుకోండి. దీనితో ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. ఇలా మొదలైన పనుల్లో సగంలో ఆగిపోయేవే చాలా ఎక్కువ. బొమ్మ గీసేవాడు కోడు దగ్గర ఆగుతాడు, కోడు రాసేవాడు బొమ్మ దగ్గర ఆగుతాడు. పూర్తయినవాటిలో చాలావరకు నలుగురూ పని పంచుకున్నవే.

మా ఇంట్లో జరిగిన ఒప్పందం ఇది. మామూలు రోజుల్లో కంప్యూటరు రాత్రి పదింటికి ఆపాలి. ఆదివారం మధ్యాహ్నం వాడిష్టం. బారావీ పరీక్షలకు రెండు నెలల ముందు నుంచి అసలు ముట్టకూడదు. చివరి మాటకు వాడు వెంటనే ఒప్పుకోలేదు. నెల అన్నాడు, అక్క మూడు నెలలంది, రెండు దగ్గర తేలింది.

కొత్త ఆటలో అడవి లేదు. ఒక మగ్గాల వాడ ఉంది. పాత్రలు మా ఇంట్లో మాట్లాడుకునే తెలుగే మాట్లాడాలని వాడి పట్టుదల. అక్కడే ఇంకో చిక్కు వచ్చింది. వాడి దగ్గరున్న సాధనంలో తెలుగు అక్షరాలు కుదురుగా రాలేదు. ఒత్తులు పక్కకు జారాయి, గుణింతాలు విడిపోయాయి. పైగా మరాఠీ మీడియంలో చదివినవాడు కాబట్టి వాడికి తెలుగు మాట్లాడటమే కానీ రాయడం రాదు. సంభాషణలన్నీ తెలుగు మాటల్నే దేవనాగరి లిపిలో రాసుకున్నాడు. దారి కూడా వాడే కనిపెట్టాడు. ఆ మాటలు వాడు పైకి చదువుతుంటే మా అమ్మ, అంటే వాడి అమ్మమ్మ, తెల్లకాగితం మీద తెలుగులో రాసిపెడుతుంది. ఆ కాగితాన్ని స్కాన్ చేసి, అక్షరాలుగా కాకుండా బొమ్మగా ఆటలో పెడుతున్నాడు. మధ్యలో "గిట్లెవరన్న మాట్లాడుతరార" అని ఆమె వాక్యాలు మార్చేస్తోందని వాడి ఫిర్యాదు.

మొన్న ఫోనులో లెక్క చెప్పాడు. గది ఒకటి పూర్తయింది, రెండోది సగంలో ఉంది. అమ్మమ్మ రాసిన వాక్యాలు 41. వాళ్ల తాత గీసిన నెమలి ఆ మొదటి గదిలో గోడ మీద ఉందట. రంగులు 16కు మించలేదట.